పొగ తాగే పాచి: ఎంత తాగుతుంది, ఎంత వదిలేస్తుంది

ఫ్యాక్టరీ చిమ్నీ పక్కన ఆకుపచ్చ గాజు గొట్టాలు వరుసగా నిలబడి ఉన్న ఫోటో చాలామంది ఫోన్లలో తిరిగే ఉంటుంది. కింద రాత కూడా ఇంచుమించు ఒకటే: పొగలోని కార్బన్ డయాక్సైడ్ పాచి తినేస్తుంది, ఆ పాచితో డీజిల్, దాణా, మందులు వస్తాయి, చెట్లకంటే పదింతలు వేగంగా గాలి శుభ్రమవుతుంది. పైడిభీమవరంలో మందుల కంపెనీలు, బొబ్బిలి, గరివిడి వైపు ఉక్కులో కలిపే ఫెర్రో అల్లాయ్ లోహాల ఫర్నేసులు, ఊర్లో ఊక కాల్చే రైస్ మిల్లులు చూస్తూ పెరిగినవాళ్లకి ఇది వినగానే ఆశ పుట్టడం సహజం. ఇందులో అబద్ధం తక్కువే. కాకపోతే ఎంత పొగకి ఎంత పాచి, ఎంత నేల, ఎన్ని నీళ్లు అన్న లెక్క ఆ ఫోటో కింద ఉండదు.

క్లుప్తంగా: ఫ్యాక్టరీ పొగతో ఈ పాచి, అంటే సూక్ష్మ శైవలాలు, పెరుగుతాయి, అది దశాబ్దాల క్రితమే రుజువైంది. కానీ ఓ మాదిరి బాయిలర్ పొగ మొత్తం పీల్చాలంటేనే వందల ఎకరాల మడులు కావాలి. పైగా ఆ పాచిని తిన్నా, కాల్చినా కార్బన్ మళ్లీ గాలిలోకే పోతుంది. కాబట్టి దీన్ని కాలుష్యానికి మందుగా కాకుండా ఒక పంటగా చూస్తేనే లెక్క కుదురుతుంది. ఉప్పునీళ్లు, శుభ్రమైన గ్యాస్, దగ్గర్లో కొనేవాడు, ఈ మూడూ ఒక్కచోట ఉంటే శ్రీకాకుళం, విజయనగరం తీరంలో అది చిన్న స్థాయిలో నిలబడొచ్చు.

పాచి అంటే ఏ పాచి

బావి గట్టున జారే పాచి, చెరువులో తేలే నాచు వేరు. ఇక్కడ చెప్పేది కంటికి విడిగా కనపడని, నీటికి రంగు మాత్రమే ఇచ్చే ఒంటికణం జీవుల గురించి. రొయ్యల రైతుకి వీటిని పరిచయం చేయక్కర్లేదు. చెరువు నీళ్లు లేత ఆకుపచ్చగానో, గోధుమ రంగులోనో తిరిగితే ప్లాంక్టన్ బాగా పట్టిందంటాడు, రాత్రికి రాత్రి రంగు విరిగిపోతే బ్లూమ్ పడిపోయిందని పరుగెత్తుతాడు. క్లోరెల్లా, సీనెడెస్మస్, నానోక్లోరోప్సిస్, కీటోసెరాస్ ఇవన్నీ ఆ జాతే. స్పిరులినా నిజానికి శైవలం కాదు, నీలి-ఆకుపచ్చ బ్యాక్టీరియా, కానీ వ్యాపారంలో అందరూ దాన్నీ ఇందులోనే కలిపేస్తారు.

తీరం వెంబడి ఉన్న రొయ్యపిల్లల హేచరీల్లో ఈ పెంపకం ఇప్పటికే ఏటా జరుగుతోంది. ఏసీ గదిలో ట్యూబ్‌లైట్ల ముందు చిన్న గాజు ఫ్లాస్కులో మొదలవుతుంది. నాలుగైదు రోజుల్లో ముదురు గోధుమ రంగుకి వచ్చాక దాన్ని పెద్ద సీసాలోకి, అక్కడినుంచి క్యాన్లలోకి, చివరికి బయట ఎండలో ఉన్న టన్ను ట్యాంకులోకి మారుస్తారు. గుడ్డులోంచి వచ్చిన రొయ్యపిల్ల జోయియా అనే తొలి దశలో తినగలిగేది దాదాపు ఇదే. ఒక్క ట్యాంకులో వేరే సూక్ష్మజీవి చొరబడిందా, రంగు తిరిగిపోతుంది, ఆ బ్యాచ్ పారబోయడమే. పొగతో పాచి పెంచే పెద్ద ప్రాజెక్టుల కష్టాలన్నీ ఈ చిన్న గదిలోనే నమూనాగా కనిపిస్తాయి.

పొగ నీళ్లలోకి ఎలా దిగుతుంది

మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే. బొగ్గు బాయిలర్ పొగలో అది 12 నుంచి 15 శాతం దాకా ఉంటుంది, సిమెంటు బట్టీ పొగలో ఇంకా ఎక్కువ. పాచికి వెలుతురు, నత్రజని, భాస్వరం సరిపడా ఉన్నప్పుడు పెరుగుదలని ఆపేది కార్బన్ కొరతే, అందుకే పొగ ఊదితే పాచి జోరుగా పెరుగుతుంది. ఆలోచన మొత్తం ఈ ఒక్క వాక్యం మీదే నిలబడింది.

అయితే చిమ్నీలోంచి వచ్చే పొగ 120, 150 డిగ్రీల వేడిమీద ఉంటుంది. దాన్ని చల్లార్చాలి, బ్లోయర్‌తో మడి దాకా తోలాలి, సన్న బుడగలుగా చేసి నీళ్లలోకి వదలాలి. వీటన్నిటికీ కరెంటు కావాలి, ఆ కరెంటు ఎక్కడో బొగ్గు కాల్చగా వచ్చిందైతే దాన్ని కూడా లెక్కలోంచి తీసేయాలి. మడి లోతు జానెడు, జానెడున్నర మించదు, ఎందుకంటే పాచి చిక్కబడ్డాక వెలుతురు కొన్ని అంగుళాల కిందికి దిగదు. అంత తక్కువ లోతులో వదిలిన బుడగ కరిగేలోపే పైకొచ్చి పగిలిపోతుంది. దానికోసం మడిలో ఒకచోట మనిషి లోతు గుంత కట్టి అక్కడ గ్యాస్ వదులుతారు. అయినా కొంత గాలిపాలే.

పొగలో ఉండే గంధకపు వాయువులు నీళ్లని ఆమ్లంగా మార్చేస్తాయి, పాచి చచ్చిపోతుంది. బొగ్గు పొగ అయితే పాదరసం లాంటివి కూడా ఆనవాళ్లుగా ఉంటాయి, పాచికి వాటిని ఒంట్లో పట్టి ఉంచుకునే గుణం ఉంది. ఫెర్రో అల్లాయ్ ఫర్నేసు గ్యాసుతో వచ్చే ధూళిలో మాంగనీసు ఉంటుంది. అంటే పొగని ముందే బాగా కడగాలి, కడిగే ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది వేరే ప్రశ్న.

ఇంకో చిన్న విషయం చాలామంది మర్చిపోతారు. బాయిలర్ 24 గంటలూ నడుస్తుంది, పాచి పగలు మాత్రమే పని చేస్తుంది. రాత్రి అది కూడా మనలాగే ఊపిరి పీల్చి, పగలు కూడబెట్టినదాంట్లో కొంత తిరిగి వదిలేస్తుంది. రాత్రి పొగని సోడా ద్రావణంలో పట్టి పగలు వాడుకునే పద్ధతులున్నాయి, కానీ అది మరో ప్లాంటు కట్టినంత పని.

ఒక బాయిలర్, 550 ఎకరాలు

రోజుకి 40 టన్నుల బొగ్గు కాల్చే బాయిలర్ అనుకుందాం, పారిశ్రామిక వాడలో ఇది పెద్దదేం కాదు. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ కాబట్టి టన్నుకి టన్నున్నర చొప్పున వేసుకున్నా రోజుకి 60 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

ఎండబెట్టిన పాచి బరువులో దాదాపు సగం కార్బన్. ఆ లెక్కన కిలో పాచి తయారవడానికి 1.83 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవాలి. 60 టన్నులు పీల్చాలంటే రోజుకి 33 టన్నుల ఎండు పాచి తీయాలన్నమాట. ఆరుబయలు మడుల్లో ఏడాది సగటున చదరపు మీటరుకి రోజుకి 15 గ్రాములు వస్తే బాగా వచ్చినట్టే. ల్యాబుల్లో రెట్టింపు వచ్చిన రోజులుంటాయి, కానీ ముసురు పట్టిన జూలై వారాలు కూడా ఏడాదిలో భాగమే. చదరపు మీటరుకి 15 గ్రాములంటే ఎకరానికి 60 కిలోలు. 33 టన్నులకి 550 ఎకరాలు. ఇది కూడా ఒక్క బుడగ వృథా కాకుండా, రాత్రి పొగ సహా మొత్తం పాచికి అందితే. అసలు ఆచరణలో సగం కూడా అందదు.

500 మెగావాట్ల థర్మల్ యూనిట్‌కి ఇదే లెక్క వేస్తే, ఏడాదికి సుమారు 30 లక్షల టన్నుల దగ్గర, 75 వేల ఎకరాల దాకా పోతుంది. గాజు గొట్టాల్లో పెంచితే నేల కొంత తగ్గుతుంది, కానీ సూర్యుడి నుంచి ఎకరానికి వచ్చే వెలుతురు పెరగదు కదా. నేల ఆదా అయినంత మేర గొట్టాల ఖర్చు, పంపుల కరెంటు, గొట్టాలు చల్లబరిచే నీళ్లు మీద పడతాయి.

నీళ్ల సంగతి చూస్తే, ఎండాకాలం మడిలోంచి రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైనా ఎకరానికి 20 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఒక్క ఎకరానికి, ఒక్క రోజుకి. తాగునీటి కోసమే ఏళ్ల తరబడి అల్లాడిన ఉద్దానం లాంటి చోట ఈ అంకె చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు.

ఇక ఎరువు. కిలో పాచికి 70 గ్రాముల దాకా నత్రజని కావాలి. రోజుకి 33 టన్నుల పాచి అంటే 5 టన్నుల యూరియా, 45 కిలోల బస్తాలైతే 110. రైతుకిచ్చే సబ్సిడీ యూరియా పరిశ్రమ వాడకూడదు, టెక్నికల్ గ్రేడ్ కొనాలి, దాని ధర వేరు. పైగా యూరియా తయారయ్యేది సహజ వాయువుతో, అక్కడా కార్బన్ ఖర్చుంది. ఊరి మురుగునీళ్లు, రొయ్యల చెరువు అడుగు నీళ్లు వాడితే ఎరువు ఖర్చు చాలావరకు తప్పుతుంది, ఇది నిజంగా మంచి మార్గం. కాకపోతే అలా పెంచిన పాచిని మనుషుల తిండికి అమ్మలేరు.

కోత కూడా తేలిక కాదు. పండిన మడిలో లీటరు నీటికి అర గ్రాము నుంచి ఒక గ్రాము పాచి ఉంటుంది. కిలో పొడి కోసం వెయ్యి నుంచి రెండు వేల లీటర్లు వడకట్టాలి. స్పిరులినా పోగుల్లా ఉంటుంది కాబట్టి సన్నని గుడ్డలో పట్టేయొచ్చు, చిన్న రైతులు కూడా దాన్ని పెంచగలగడానికి ఇదే అసలు కారణం. క్లోరెల్లా కణం మాత్రం కొన్ని మైక్రాన్లే, గుడ్డలోంచి నీళ్లతో పాటే జారిపోతుంది, దానికి గిర్రున తిరిగి నీళ్లని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ తిప్పాలి. తర్వాత ఆరబెట్టడం ఒకటి.

డీజిల్ కల ఎందుకు ఆరిపోయింది

ఇదంతా కొత్తగా కనిపెట్టిందేం కాదు. కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ అనే ఇంజినీరు మురుగునీటి చెరువుల్లో పాచి పెంచి దాన్నుంచి శక్తి తీయొచ్చని 1950ల నుంచే పని చేశాడు. చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం 1978లో ఆక్వాటిక్ స్పీషీస్ ప్రోగ్రామ్ మొదలుపెట్టి, విద్యుత్ కేంద్రాల కార్బన్ డయాక్సైడ్‌తో నూనె ఎక్కువుండే పాచి పెంచి డీజిల్ తీయడం మీద 1996 దాకా పరిశోధన చేయించింది. న్యూమెక్సికోలోని రోస్‌వెల్‌లో వెయ్యి చదరపు మీటర్ల మడులు నడిపారు. అక్కడ వదిలిన గ్యాస్‌ని పాచి బాగానే వాడుకుంది. కానీ రాత్రి చలికి దిగుబడి పడిపోయింది, డీజిల్ ధర పెట్రోలియం దరిదాపుల్లోకి రాలేదు.

2000ల్లో రెండో ఉప్పెన. విద్యుత్ కేంద్రం పొగతో పాచి పెంచి చూపించిన గ్రీన్‌ఫ్యూయెల్ అనే అమెరికా కంపెనీ 2009లో మూతపడింది. అదే ఏడాది ఎక్సాన్ మొబిల్ పాచి ఇంధనం మీద 60 కోట్ల డాలర్ల వరకు పెడతామని ప్రకటించింది, 2023కి వచ్చేసరికి అదీ తప్పుకుంది. మన పక్కన ఒడిశాలోని అంగుల్‌లో అల్యూమినియం కంపెనీ నాల్కో తన సొంత విద్యుత్ కేంద్రం దగ్గర పొగతో పాచి పెంచే ప్రయోగాత్మక యూనిట్ పెట్టింది, అది ప్రయోగం స్థాయిదే.

కారణం ఒక్క మాటలో చెప్పాలంటే ధర. ఇంధనం లీటరు పదుల రూపాయల్లో అమ్ముడవ్వాలి, పాచి పొడి తయారీకే కిలోకి వందలవుతుంది. కార్బన్ క్రెడిట్, అంటే తగ్గించిన పొగకి లెక్కగట్టి అమ్ముకునే పత్రం, ఆదుకుంటుందా అంటే, టన్నుకి వెయ్యి రూపాయలు వచ్చిందనే అనుకుందాం. కిలో పాచి పీల్చేది 1.83 కిలోలు, అంటే క్రెడిట్ వల్ల కిలోకి చేరేది ఒక రూపాయి 83 పైసలు. సముద్రంలో కాకిరెట్ట.

పీల్చడం వేరు, దాచడం వేరు

చెట్లకంటే పాచి వేగంగా కార్బన్ పీలుస్తుందన్న మాటలో వేగం వరకు నిజమే, కొన్ని జాతులు రోజులో రెట్టింపవుతాయి. కానీ జీడిచెట్టు పీల్చిన కార్బన్ దాని మానులో దశాబ్దాలు ఉంటుంది. పాచి పీల్చింది వారంలో పొడి అవుతుంది, నెలలో రొయ్య తింటుంది, రొయ్యని మనిషి తింటాడు, ఊపిరిలో మళ్లీ బయటికొచ్చేస్తుంది. డీజిల్ చేసి కాలిస్తే ఇంకా తొందరగా. మధ్యలో ఆ డీజిల్ వేరే పెట్రోలియం డీజిల్‌ని తప్పించింది కాబట్టి కొంత లాభం ఉంది, లేదని కాదు. ఫ్యాక్టరీ పొగ మాత్రం మాయమవలేదు, ఓ చుట్టు తిరిగి వెళ్లింది.

ఈ తేడా ఐస్‌లాండ్‌లోని హెల్లిషైడి భూతాప విద్యుత్ కేంద్రం దగ్గర ఒకే ఆవరణలో కనిపిస్తుంది. అక్కడి గ్యాస్‌ని కార్బ్‌ఫిక్స్ అనే సంస్థ నీళ్లలో కరిగించి నేల కింద బసాల్ట్ రాతిలోకి పంపుతుంది, రెండేళ్లలోపే అందులో ఎక్కువ భాగం రాయిగా మారిపోతుంది. అదే కేంద్రం గ్యాస్‌తో వాక్సా అనే మరో కంపెనీ పాచి పెంచి తిండికి, చేపపిల్లల దాణాకి అమ్ముతుంది. మొదటిది దాచడం, రెండోది వాడడం. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే సగం గందరగోళం.

విజయనగరం ఫెర్రో అల్లాయ్ యూనిట్లకి ఇది ఉత్తి మాటల తేడా కూడా కాదు. దిగుమతి సరుకు తయారీలో వచ్చిన కార్బన్ మీద యూరప్ యూనియన్ వేసే సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. ఫెర్రో మాంగనీస్, ఫెర్రో క్రోమ్ ఆ జాబితాలో ఉన్నాయి, సిలికో మాంగనీస్ లేదు. అక్కడి నిబంధనల్లో కార్బన్‌ని శాశ్వతంగా భూమిలో దాస్తేనో, మళ్లీ విడిపోని విధంగా వస్తువులో బంధిస్తేనో తగ్గింపు. దాణాగా మారే పాచి ఆ లెక్కలోకి రాదు. పైగా ఈ ఫర్నేసులు టన్నుకి వేల యూనిట్ల కరెంటు తాగుతాయి, ఆ కరెంటు తాలూకు పొగ ఇక్కడి చిమ్నీలోంచి కాదు, ఎక్కడో థర్మల్ కేంద్రం చిమ్నీలోంచి పోతుంది. గరివిడిలో మడి కడితే దాన్ని పట్టేదెలా?

మరి ఎక్కడ కుదురుతుంది

కార్బన్ డయాక్సైడ్‌ని చెత్తగా కాక ఎరువుగా చూడడం మొదలుపెడితే ప్రశ్న మారుతుంది. అప్పుడు ఎంత పొగ పోయిందని కాదు, కొనే ఎరువుకి బదులు చౌకగా, శుభ్రంగా గ్యాస్ ఎక్కడ దొరుకుతుందని అడగాలి.

దీనికి సూటి జవాబు డిస్టిలరీ. మొలాసిస్‌నో, నూకలనో పులియబెట్టినప్పుడు కిలో ఇథనాల్‌తో పాటు దాదాపు అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అదీ బూడిద, గంధకం లేకుండా దాదాపు స్వచ్ఛంగా. రోజుకి 50 వేల లీటర్లు చేసే డిస్టిలరీ అయితే 38 టన్నులు. దాన్ని పట్టుకుని కూల్‌డ్రింకులకి, డ్రై ఐస్‌కి అమ్మే వాళ్లున్నారు, కాబట్టి ఊరికే ఇస్తారనుకోవడం అత్యాశ. 5 ఎకరాల పాచి మడికి కావాల్సింది మాత్రం వృథా కలుపుకున్నా రోజుకి టన్ను, టన్నుంపావు. ఉట్టి మీద కుండలోంచి గరిటెడు. ఓ పక్క విషయం చెప్పుకోవాలి: తమిళనాడులో ఊనైయూర్ దగ్గర పెద్ద ఎత్తున స్పిరులినా పెంచిన ప్యారీ కంపెనీదే విజయనగరం జిల్లా సంకిలిలోని చక్కెర మిల్లు. చెరకు, పాచి ఒకే గొడుగు కింద ఉండడం వింతేం కాదన్నమాట.

రెండోది నీళ్లు. నౌపడా ఉప్పు మడుల్లో ఎండలు ముదిరి నీళ్లు చిక్కబడ్డాక ఎర్రగా తిరగడం అక్కడి పనివాళ్లకి కొత్త కాదు. ఉప్పునీళ్లు ఆ స్థాయికి చిక్కబడ్డప్పుడు వచ్చే ఎరుపులో డునాలియెల్లా సలీనా అనే శైవలం పాత్ర ఉంటుంది, ఉప్పుని ఇష్టపడే మరికొన్ని సూక్ష్మజీవులూ తోడవుతాయి. క్యారెట్‌కి రంగునిచ్చే బీటా కెరోటిన్ ఆ శైవలంలో దండిగా ఉంటుంది, ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్ లాంటి చోట్ల దాన్ని వ్యాపారంగానే పెంచుతున్నారు. అంత ఉప్పులో వేరే పాచి బతకలేదు కాబట్టి హేచరీ గదిలో వచ్చే చొరబాటు బెడద ఇక్కడ చాలా తక్కువ. మంచినీళ్లతో పోటీ లేదు. ఆవిరైన నీళ్లకి బదులు సముద్రం ఉంది, ఉప్పు మరీ చిక్కబడకుండా చూసుకుంటే చాలు. ఆవిరి, ఉప్పు, మడి కట్టడం తరాలుగా తెలిసిన చేతులు కూడా అక్కడే ఉన్నాయి.

మూడోది కొనేవాడు. హేచరీలకి కీటోసెరాస్ లాంటి బతికున్న పాచి, దాణాలో కలిపే స్పిరులినా పొడి ఏటా కావాలి. మనుషుల తిండికి పెట్టే పరీక్షలతో పోలిస్తే ఈ మార్కెట్‌లోకి దిగడం తేలిక, రవాణా కూడా దగ్గర. అయినా రొయ్యపిల్లలు సున్నితం, బాయిలర్ పొగతో పెంచిన పాచిలో భార లోహాలు లేవని బ్యాచ్‌కో పరీక్ష కాగితం లేకపోతే ఏ హేచరీ ముట్టుకోదు.

అడ్డంకి వాతావరణంలో ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. కొబ్బరి, జీడి వేళ్లతో సహా లేచిపోయిన చోట జానెడు లోతు మడి ఏ మూలకి? గాలి అక్కర్లేదు, ఒక్క రోజు 20 సెంటీమీటర్ల వాన పడితే మడిలో నీళ్లు రెట్టింపై ఉప్పు సగానికి పడిపోతుంది, పంట పోయినట్టే. కాబట్టి ఏడాది పొడవునా దిగుబడి అని రాసే ప్రాజెక్టు రిపోర్టుల్లో అక్టోబరు, నవంబరు గడులు చూడాలి. ఉప్పు మడుల్లాగే ఎండాకాలం పంటగా పెట్టుకుని మిగతా నెలలు కప్పు కింద విత్తనం మాత్రం బతికించుకోవడం ఈ తీరానికి సరిపోయే పద్ధతిలా కనిపిస్తుంది.

నేల ఎవరిది

పాచి ప్రాజెక్టుల కాగితాల్లో తరచుగా వచ్చే మాట, సాగుకి పనికిరాని భూమిలో పెంచొచ్చు అని. శ్రీకాకుళంలో ఆ మాటకి చరిత్ర ఉంది. సోంపేట బీల, కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలల్ని థర్మల్ కేంద్రాలకి ఇచ్చినప్పుడు కూడా అవి పనికిరాని నేలలన్నారు. అక్కడ చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, ఆ నీటితో వరి పండించేవాళ్లు ఎదురు తిరిగారు. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసు కాల్పుల దాకా వెళ్లింది, ప్రాణాలు పోయాయి.

5 ఎకరాల ఉప్పు మడిలో పాచి పెంచడానికి ఎవరి నేలా లాక్కోనక్కర్లేదు. ఒక బాయిలర్ పొగ మొత్తం పట్టేస్తామంటే 550 ఎకరాలు ఎక్కడో చూపించాలి, ఈ తీరంలో అంత నేల ఒక్క చెక్కలో ఖాళీగా ఉందంటే అది మళ్లీ ఏ బీలో, ఏ తంపరో అయ్యుంటుంది.